వేడి ఎక్కడికి పోతుంది?

ఉగాది దాటిందంటే చాలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా షాపుల ముందు కూలర్లు బారులు తీరతాయి. ఆ కొత్త వాటి కన్నా, అటక మీంచి దించి ఆటోలో వేసుకొచ్చిన పాత కూలర్లను చూడటమే నాకిష్టం. కొత్తపేట సందుల్లో రిపేరు షాపు ముందు కాసేపు నిలబడితే ఇళ్లు వేసవికి ఎలా సిద్ధమవుతున్నాయో తెలుస్తుంది.

మెకానిక్ ముందుగా మూడు వైపులా జాలీలు ఊడదీస్తాడు. నిరుటి గడ్డి అట్టలు కట్టి ఉంటుంది. బోరు నీళ్లలోని ఉప్పంతా తెల్లగా పేరుకుని, చేత్తో విరిస్తే పటుక్కున విరుగుతుంది. పంపును బకెట్లో ముంచి కరెంటిచ్చి చూస్తాడు. నీళ్లు చిమ్మిందా, దాని జోలికి పోడు. పైన నీళ్లు పంచే సన్న గొట్టంలో బెజ్జాలు మూసుకుపోతే తీగతో ఒక్కొక్కటే పొడిచి తెరుస్తాడు. "మోటరు మంచిగనే ఉన్నదన్నా. గడ్డి మార్చకుంట ఏం చేసినా లాభం లేదు. నీళ్లు దిగాలె, గాలి ఆడాలె. గంతే" అంటాడు.

నిజానికి అంతే. లీటరు నీళ్లు ఆవిరవ్వాలంటే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. ఆ వేడిని నీళ్లు గాలి దగ్గరే తీసుకుంటాయి. గంటకు ఐదు లీటర్లు తాగే కూలరు మూడు యూనిట్లకు పైగా వేడిని మింగుతున్నట్టు లెక్క. అది తినే కరెంటు మాత్రం, 200 వాట్లదైతే, ఐదు గంటలకు ఒక్క యూనిట్టు. మిగతా పనంతా నీళ్లది. నల్లా నీళ్లు పోస్తే అది కృష్ణ చేసే పని కూడా. అక్కంపల్లి నుంచి కోదండాపూర్ మీదుగా సాహెబ్‌నగర్ దాకా ఎత్తిపోసుకుంటూ తెచ్చుకున్న నది, మన కిటికీ దగ్గర గడ్డిలో ఇంకి ఆవిరైపోతుంది.

కూలరు పెట్టినవాళ్లు ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. లేకపోతే తేమ లోపలే తిరిగి ఒళ్లంతా జిడ్డు పడుతుంది. ఏసీ పెట్టినవాళ్లు తలుపు సందుల్లో గుడ్డలు కూడా కుక్కుతారు. తెరిస్తేనే పనిచేసే యంత్రం ఒకటి, మూస్తేనే పనిచేసేది ఇంకొకటి. పక్కింటి కుక్కరు విజిలు, మెట్ల మీద హాస్టలు పిల్లల మాటలు మొదటిదానితో పాటు ఇంట్లోకి వస్తాయి. రెండోది వచ్చాక మా వీధి కొంచెం మూగబోయింది.

అయితే కూలరు గొప్పతనం మృగశిర కార్తె దాకానే. వానలు పడి గాలి తడిసిందంటే గడ్డిలో నీళ్లు ఆవిరి కావు, ఉత్త హోరే మిగులుతుంది. అప్పుడిక ఏసీ వంతు. ఏసీ పుట్టిందే తేమతో పోట్లాడటానికి. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం తేమకు సాగి రంగులు పక్కకు జరుగుతుంటే, విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు ఆ గాలిలోని తేమను అదుపు చేసే ఏర్పాటు రూపొందించాడు. కాగితం కోసం వచ్చిన చల్లదనం తర్వాత మనుషులకు దక్కింది.

ఏసీ మెకానిక్కులు వచ్చీ రాగానే అనే మాట ఒకటుంది: "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి." మనకు వంటగ్యాసు అలవాటు కనుక నమ్మేస్తాం. కానీ ఈ గ్యాసు ఖర్చయ్యేది కాదు. కావడి మోసే మనిషిలా లోపలి వేడిని ఎత్తుకుంటుంది, బయట దించుతుంది, ఖాళీగా తిరిగొస్తుంది. గొట్టం ఎక్కడా చిల్లిపడకపోతే ఏళ్లకేళ్లు అదే గ్యాసు తిరుగుతుంది. తెలిసిన కుర్రాడొకడు సిలిండరు ముట్టుకోకుండా ముందు రాగి గొట్టం నట్టు దగ్గర సబ్బు నురగ రాశాడు. కాసేపటికి నురగలో చిన్న బుడగ ఉబ్బింది. "గ్యాస్ ఊకె ఎక్కడికి పోదు సార్. లీకైతెనే పోతది. ఇది బంద్ చెయ్యకుంట నింపితే మళ్లా వచ్చే ఎండాకాలం నన్నే తిట్టుకుంటరు" అన్నాడు. చాలాసార్లు లీకు కూడా ఉండదు. దుమ్ము పట్టిన ఫిల్టరే గాలికి అడ్డుపడి లోపలి కాయిల్‌కు మంచు కట్టిస్తుంది. దాన్ని నల్లా కింద కడిగి నీడలో ఆరబెట్టడానికి మెకానిక్ అక్కర్లేదు.

గ్యాసు ఎత్తుకున్న వేడిని ఎక్కడ దించుతుందన్నదే నా ఆలోచనంతా. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి ఐదు కిలోవాట్లకు పైగా వేడిని లాగుతుంది. తాను తినే ఒకటిన్నర కిలోవాట్లనూ దానికి కలిపి బయటికి ఊదుతుంది. బయట అంటే ఏమిటి? మన పాత కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి అడ్డంగా నడిచేంత సందు ఉంటే గొప్ప. ఆ సందులో నా ఔట్‌డోర్ యూనిట్ ఊదేది పక్కవాళ్ల కిటికీలోకి. దాంతో వాళ్లు కిటికీ మూస్తారు. మూశాక కూలరు పనిచేయదు. మరుసటి ఏడు వాళ్లూ ఏసీ కొంటారు. వాళ్ల వేడి మా వంటింటి వైపు తిరుగుతుంది.

ఇంతకీ ఇంట్లోకి వేడి ఎటునుంచి వస్తోంది? రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్లు లేని ఇళ్లలో ఆ ఎండంతా శ్లాబు మీదే. పగలంతా తాగిన ఎండను శ్లాబు రాత్రి తీరిగ్గా కిందికి దించుతుంది. అందుకే పది గంటలకు ఫ్యాను వేస్తే పొయ్యి మీంచి వచ్చినంత వేడి గాలి. కోచింగుకు వచ్చిన పిల్లలు అద్దె తక్కువని ఎక్కే పెంట్‌హౌస్ గదులకు ఇదే తిప్పలు. ఏసీ రాత్రంతా మోసేది చాలావరకు ఈ శ్లాబు వేడినే.

శ్లాబుకు మందు పాతదే, వెల్ల వేయడం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం అంటూ ఒకటి తెచ్చింది. ఐదేళ్లలో రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఎండ తిప్పికొట్టేలా చేయాలని, అందులో 200 హైదరాబాదులోనే అని లక్ష్యం పెట్టుకుంది. అంతకు ముందు 2017లో నగరంలో కొన్ని పేదల ఇళ్ల మీద తెల్లటి కప్పు పరిచి చూస్తే, లోపల సగటున రెండు డిగ్రీల దాకా వేడి తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది. ఏసీని ఒక్క డిగ్రీ పెంచి పెట్టుకుంటే ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 2020 నుంచి కొత్త ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా పెట్టించింది కూడా ఆ సంస్థ చెప్పిన మీదటే.

మరి వెల్ల ఎందుకు పడటం లేదు? సున్నం ఖర్చు ఓనరుది, కరెంటు బిల్లు కిరాయిదారుది కనుక. గృహజ్యోతి కింద అర్హులైనవాళ్లకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది. కూలరున్న ఇల్లు ఆ గీత దాటకుండా నెట్టుకురాగలదు. రాత్రికి ఎనిమిది గంటలు ఏసీ వేసిన ఇల్లు నెల తిరగకముందే దాటేస్తుంది. ఓనరు ఒక పూట మేడ మీద చేయించే పని కింద ఉన్నవాళ్ల బిల్లును గీతకు ఇటువైపు ఉంచవచ్చు. అద్దె మాట్లాడుకునేటప్పుడు నల్లా, పార్కింగు, సబ్‌మీటరు గురించి అడుగుతాం. శ్లాబు మీద సున్నం పడిందా అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

మరమ్మతు అంటే యంత్రం విప్పడమే అనుకుంటాం గానీ, వరుస మేడ మీంచి మొదలుకావాలి. ముందు శ్లాబుకు వెల్ల, పడమటి కిటికీకి నీడ. ఆ తర్వాత కూలరుకు కొత్త గడ్డి. వేడిని లోపలికి రానివ్వకపోతే దాన్ని ఇంకొకరి మీదికి తోసే పని సగం తగ్గుతుంది. అప్పటికీ వానాకాలపు ఉక్క భరించలేకపోతే ఏసీ పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే గోడకు బెజ్జం కొట్టకముందే సందులోకి వెళ్లి, ఔట్‌డోర్ యూనిట్ ఎవరి కిటికీకి ఎదురుగా వస్తుందో చూసుకుని, ఆ ఇంటివాళ్లతో ఒక మాట అనుకోవాలి.