నీరింకని నేల

నా ఇల్లు, నా స్థలం, మధ్యలో సర్కారుకేం పని? మురుగు విషయంలో ఈ మాటకు నేను తలూపలేను. మరుగుదొడ్డి నీరు హద్దురాయి దగ్గర ఆగదు. పక్కింటి బావిలోకి ఊరుతుంది, ఆడుకునే పిల్లల కాళ్లకు అంటుతుంది. ఇంటి మురుగుకు చట్టం ఉండి తీరాలి. అయినా అమెరికాలో, అలబామా రాష్ట్రపు లౌండ్స్ కౌంటీ గురించి చదివిన కొద్దీ మనసు కుదుటపడటం లేదు.

అక్కడి నేల మన నల్లరేగడికి చుట్టం. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి బిగుసుకుంటుంది. బానిసల చేత పత్తి పండించిన నేల అది. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుక్కి దిగాక, పైన తేరిన నీరు చిల్లుల గొట్టాల్లోంచి మట్టిలోకి ఇంకుతూ శుభ్రపడాలి. ఈ బంకమట్టిలో అది ఇంకదు. ముసురు పడితే పెరట్లోకి పొంగుతుంది, ఒక్కోసారి స్నానాల తొట్టిలోకే ఎగదన్నుతుంది. మట్టి పోసి మెరక కట్టి, అందులో ఇంకించే ఏర్పాటుకు పదివేల డాలర్లు దాటుతుంది. అంత లేనివాళ్లు ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం బయటి గుంటలోకి వదిలేశారు. 2017 నాటి ఒక అధ్యయనంలో, పరీక్షించిన 55 మందిలో 19 మందికి, మలం కలిసిన మట్టి నుంచి ఒంట్లో చేరే కొంకిపురుగు ఆనవాళ్లు దొరికాయి.

చట్టం ఆ గొట్టాన్ని నేరమంది. కేసులు పెట్టారు, అరెస్టులూ జరిగాయి. ఇంటి మీద సర్కారు బాకీ రాస్తుందన్న భయం వేరే.

ఎవరి ఇళ్లివి? 1965లో ఓటు నమోదు చేసుకున్నందుకు భూస్వాములు వెళ్లగొడితే, పాలుకు సేద్యం చేసే నల్లజాతి కుటుంబాలు డేరాల్లో తలదాచుకున్న కౌంటీ ఇది. ఇక్కడ సొంత చెక్క దక్కడమే పెద్ద సంగతి. ఆ చెక్క కూడా చాలాచోట్ల వీలునామా లేకుండా వారసులందరికీ ఉమ్మడిగా దిగుతుంది. ఒక్కరి పేరున స్పష్టమైన పత్రం లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. శిక్షకు మాత్రం ఆ ఇంట్లో ఉన్నవాళ్లే దొరుకుతారు. నన్ను బాధించేది ఇదే. మట్టి ఒప్పుకోని చోట, చేతిలో డబ్బు లేనివాళ్లకు, చట్టం ముందుగా ఆ మట్టికి తగిన ఏర్పాటు కట్టించి ఇవ్వాలి. జరిమానా మాట ఆ తర్వాతే రావాలి.

ఆ ఊళ్ల బిడ్డ క్యాథరిన్ కోల్మన్ ఫ్లవర్స్ ఏళ్ల తరబడి ఇదే అడిగింది. 2021లో అమెరికా కేంద్ర న్యాయశాఖ దీనిపై విచారణ మొదలుపెట్టింది. 2023 మేలో ఆ శాఖతో కుదిరిన ఒప్పందంతో రాష్ట్ర ఆరోగ్యశాఖ క్రిమినల్ శిక్షలు ఆపింది. 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ ఆ ఒప్పందాన్నే రద్దు చేసింది. చేతిలో ఉన్న నిధులు అయ్యేదాకా ట్యాంకులు పెడతామని ఆరోగ్యశాఖ చెప్పింది. ట్యాంకు కోసం ఎదురుచూసే వరసలో చివర నిలబడ్డ ఇంటివాళ్ల గురించే నా దిగులు.