పొగలో ఇద్దరు

మా ఇంట్లో నా అలమర కింది అర నిండా పందొమ్మిదో శతాబ్దపు అమెరికా కొండలూ నదులే. పీహెచ్‌డీ అయ్యాక ఫెలోషిప్ మీద న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న ఆర్నెల్లలో పోగేసినవి. 1872-74 మధ్య వచ్చిన 'పిక్చరెస్క్ అమెరికా' నుంచి ఎవరో చింపి విడివిడిగా అమ్మిన బొమ్మల పేజీలు, ఆషర్ డ్యురాండ్ 1855లో 'ది క్రేయాన్' పత్రికలో ప్రకృతి చిత్రకళ గురించి రాసిన లేఖల జిరాక్సులు, ఎగ్జిబిషన్ కేటలాగులు. స్టైపెండులో మిగుల్చుకుని కొన్నవే అన్నీ. "పాత కాగితాలకింత డబ్బా?" అని ఇంట్లో అడిగితే సగం ధరే చెప్పాను. ఆడవాళ్లం చీర కొన్నా పుస్తకం కొన్నా సగం ధరే చెప్తాం కదా!

నిజానికి నేను వెతికింది కొండల్ని కాదు, వాటిని గీసిన స్త్రీలను. హడ్సన్ రివర్ స్కూల్ అనగానే థామస్ కోల్, డ్యురాండ్, చర్చ్, బీర్‌స్టాట్... అందరూ మగవాళ్లే. కోల్ చెల్లెలు శారా కూడా చిత్రకారిణే. అన్న బొమ్మల్ని చూసి ఆమె వేసిన నకళ్లు కొన్ని మిగిలాయి. కోల్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ 2010లో ఈ స్కూలు స్త్రీల బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టారు. కోల్ చనిపోయిన 162 ఏళ్లకి!

ఈ వెతుకులాటలోనే ఫానీ పామర్ దొరికింది. పాత సామాన్ల సంతలో ఒక ముసలాయన దగ్గర 'అక్రాస్ ది కాంటినెంట్' అనే ప్రింట్ కొన్నాను. భూతద్దం పెట్టి చూస్తే వరసగా చుక్కలు కనిపించాయి. అసలు లిథోగ్రాఫైతే రాతి మీద క్రేయాన్ గీత గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాది తర్వాతెప్పుడో అచ్చేసిన నకలు. అయినా పర్వాలేదనిపించింది. ఎందుకంటే మూల రాతి మీది పేరు అందులోనూ ఉంది: ఎఫ్.ఎఫ్. పామర్. ఆ పొడి అక్షరాల వెనక ఒక స్త్రీ ఉందని కొన్నవాళ్లలో ఎందరికి తెలుసు?

ఫ్రాన్సిస్ ఫ్లోరా బాండ్ పామర్ 1812లో ఇంగ్లండులోని లెస్టర్‌లో పుట్టింది. 1840లలో కుటుంబంతో అమెరికా వచ్చింది. భర్తతో కలిసి నడిపిన ప్రెస్సు మూతపడింది. భర్త తాగుబోతు. ఇంటి బరువంతా ఆమెదే. కరియర్ అండ్ ఐవ్స్ కంపెనీకి దాదాపు రెండు వందల లిథోగ్రాఫులు గీసింది. ఆ ప్రింట్లకు రంగులద్దిందీ ఆడవాళ్లే. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో రంగు వేసేవారు. వాళ్ల పేర్లు ఏ ప్రింటు మీదా లేవు.

నాకింకేం కావాలి? 'అజ్ఞాత శ్రామికురాలు, అదృశ్య చిత్రకారిణి' అంటూ ఆవేశంగా పేపర్ రాసి ఒక సెమినార్‌లో చదివాను. బొమ్మను తెర మీద చూపించాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక పరిశోధక విద్యార్థిని లేచింది. కోయ అమ్మాయి. "మేడమ్, కుడి పక్కన రైలు పొగలో గుర్రాల మీద ఇద్దరున్నారు. వాళ్లెవరు?"

ఆ బొమ్మ 1868 నాటిది. ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయింది 1869లో. అంటే రైలు ఇంకా చేరని చోటుకి ఫానీ ముందే రైలును పంపింది. పట్టాలు బొమ్మను రెండుగా చీలుస్తాయి. ఎడమ పక్క కర్ర ఇళ్లు, బడి, పిల్లలు, మట్టి తవ్వే మగవాళ్లు. కుడి పక్క ఆగిపోయిన ఇద్దరు ఆదివాసులు, వాళ్ల మీదికి కమ్ముకొస్తున్న పొగ. నా ఇరవై పేజీల పేపర్లో వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. "అది కంపెనీ కోరిన బొమ్మ, ఆమె ఉద్యోగి మాత్రమే" అని ఏదో సర్దిచెప్పాను. ఆ అమ్మాయి వాదించలేదు, కూర్చుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాతయ్య 1950ల చివర కృష్ణా జిల్లా నుంచి భద్రాచలం ఏజెన్సీకి వెళ్లాడు. "అడవి కొట్టి పొలం చేశాం" అన్నది మా ఇంట్లో వీరగాథ. ఆ పొలం మీద వచ్చిన డబ్బుతోనే నాన్న చదివాడు, నేనూ చదివాను. 1/70 చట్టం గురించి ఇంట్లో మాటొస్తే పెద్దవాళ్లు గొంతు తగ్గించేవారు.

మా నాయనమ్మ తన అక్కకు రాసిన కార్డులు పన్నెండు నా దగ్గరున్నాయి. మలేరియా, చచ్చిపుట్టిన బిడ్డ, తాతయ్య చేతి దెబ్బలు. ఆ పొలం పట్టాలో ఆమె పేరెక్కడా లేదు. ఒక స్త్రీ బాధగానే వాటిని ఇన్నాళ్లూ చదివాను. ఈసారి మళ్లీ తీశాను. ఒక కార్డులో, రెండో కాన్పుకి గూడెం నుంచి ఒక కోయ ముసలమ్మ వచ్చి రాత్రంతా కూర్చుందని ఉంది. రెండేళ్ల తర్వాతి కార్డులో, గూడెం వాళ్లు లోపలికి వెళ్లిపోయారనీ, ఇప్పుడు బండి దారి బాగుందనీ ఉంది. అంతే. రెండూ ఒకే చేతిరాత.

ఫానీని అలమరలోంచి తీసెయ్యలేను. నాయనమ్మనీ తీసెయ్యలేను. వాళ్ల మీద జరిగిన అన్యాయం అబద్ధం కాదు. కానీ ఆ అన్యాయాన్ని అడ్డం పెట్టుకుని కుడి పక్క చూడకపోవడం మాత్రం నేను చేసిన పనే. నాకది సుఖంగా ఉంది కాబట్టి చేశాను.

పేపర్ మళ్లీ రాస్తున్నాను. మొదటి ప్రతి ఆ అమ్మాయికే పంపాను. రెండు రోజులకి ఫోన్ చేసి ఒకే మాట అంది: "ఆ గూడెం పేరు కూడా రాయండి మేడమ్."

కార్డుల్లో పేరు లేదు. నాన్నకి ఫోన్ చేశాను.

"ఏ గూడెమమ్మా?" అన్నాడు.