అడుగుకి తగ్గ ట్యూను

ఐర్లండులో ఉంటున్నామని చెప్పగానే మనవాళ్ళు ముందు వానల గురించి అడుగుతారు, తర్వాత బంగాళాదుంపల గురించి. పాట గురించి అడిగేవాళ్ళు తక్కువ. మేముండేదేమో పడమటి తీరాన క్లేర్ కౌంటీలో. ఇక్కడుంటూ సంగీతం ఊసెత్తకపోవడమంటే కోనసీమలో ఉంటూ కొబ్బరికాయ ఊసెత్తకపోవడమే.

మా అమ్మాయి ఎనిమిదో ఏట కన్సర్టీనా పట్టుకుంది. మన హార్మోనియానికి చిట్టి చెల్లెలనుకోండి. రెండు చేతుల మధ్యా పట్టుకుని సాగదీస్తూ, మూస్తూ వాయిస్తారు. ఇప్పుడు దానికి పద్దెనిమిది. తోటిపిల్లలు ఆరుగురితో కలిసి ఒక చిన్న బ్యాండు నడుపుతోంది. రెండు ఫిడేళ్ళు, ఫ్లూటు, బాంజో, అకార్డియన్, పియానో, మా కన్సర్టీనా. ఈ వేసవిలో మా ఊరి హాల్లో సెట్ డాన్సింగ్ జరిగే రాత్రికి వాయించమని వాళ్ళని పిలిచారు. ఏ ట్యూన్లు వాయించాలన్న పంచాయితీ నెల రోజులపాటు మా వంటింటి బల్ల దగ్గరే నడిచింది. ఆ ముచ్చటే ఇవాళ చెబుతాను.

ముందు సెట్ అంటే ఏమిటో చెప్పాలి కదా. నాలుగు జంటలు చదరంగా, ఎదురెదురుగా నిలబడతాయి. ఫ్రాన్సు నుంచి వచ్చిన క్వాడ్రిల్ అనే నాట్యానికి ఇక్కడి పల్లెజనం తమ అడుగులూ తమ ట్యూన్లూ చేర్చి సొంతం చేసుకున్నారు. ఒక్కో సెట్లో కొన్ని ఫిగర్లుంటాయి. ఒక ఫిగరు అయ్యాక ఆగి, ఊపిరి పీల్చుకుని, నవ్వుకుని, మళ్ళీ మొదలు. మన కోలాటంలో కోపు మారినట్టన్నమాట. పూర్వం ఇది వంటిళ్ళల్లోనే జరిగేది. "ఇల్లంతా చుట్టిరండి, పళ్ళేల అలమారు జాగ్రత్త!" అన్న కేక ఇప్పటికీ హాళ్ళలో వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడే అనుకున్నాను, ఆ మాట కచ్చితంగా ఎవరో ఇల్లాలు అన్నదే అయ్యుంటుందని!

1935లో డాన్సు హాళ్ళకి లైసెన్సు ఉండాలని చట్టం వచ్చాక ఇళ్ళలో నాట్యాలు బాగా తగ్గిపోయాయి. జనం హాళ్ళకి చేరారు. అంత పెద్ద హాల్లో ఒక్క ఫిడేలు ఏం వినిపిస్తుంది? అందుకే కేలీ బ్యాండ్లకి గిరాకీ పెరిగింది. కేలీ అన్న మాట వినగానే తెలుగు చదువుకున్న నాకు మన 'కేళి' గుర్తుకొస్తుంది. కానీ ఐరిషులో దాని మూలం 'తోడు' అన్న అర్థమిచ్చే మాటట. అదీ బాగానే ఉంది. మా కౌంటీలోనే ఉన్న కిల్ఫెనోరా బ్యాండు 1909 నాటిది, తుల్లా బ్యాండు 1946 నాటిది. మా పిల్లలకి వాళ్ళే ఆదర్శం.

ఇక ట్యూన్ల సంగతి. నేను వాద్యం పట్టినదాన్ని కాదు. కానీ బి.ఏ.లో చదివిన ఛందస్సు ఇక్కడ ఇంతగా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు? జిగ్గు అంటే మూడేసి మాత్రల నడక, తురగవల్గన రగడలాగా గుర్రం దౌడు. రీలు నాలుగేసి మాత్రలు, మధురగతిలాగా. హార్న్‌పైపూ నాలుగే కానీ కాస్త కుంటుతూ, ఊగుతూ నడుస్తుంది. పోల్కా చిన్న చిన్న గెంతులు. కెర్రీ, కార్క్ సరిహద్దుల్లోని స్లీవ్ లూక్రా వైపు పోల్కాలంటే ప్రాణం. మా క్లేర్ వాళ్ళకి రీలు వినబడితే చాలు, మడమలతో నేలని తడుతూ అడుగేస్తారు. ఏ ఫిగరుకి ఏ నడక అన్నది ముందే ఖాయం. రీలు ఫిగరుకి జిగ్గు వాయించడమంటే సీసపద్యాన్ని కందంలో పాడమన్నట్టే.

నడక కుదిరితే చాలదు, లెక్క కూడా కుదరాలి. మామూలు ట్యూనులో రెండు భాగాలు. ఒక్కో భాగం 8 బార్లు, రెండేసిసార్లు వాయిస్తే మొత్తం 32. మొదటి 8 బార్లూ ఎవరూ కదలరు, విని వేగం అందుకుంటారు. ఒక ఫిగరుకి అన్నీ కలిపి 200 బార్లు కావాలనుకోండి. ఆరు 32లు 192. అంటే మూడు ట్యూన్లు రెండేసిసార్లు వాయించి, చివర మొదటి భాగం ఇంకొక్కసారి వాయించి టక్కున ఆపాలి. ముందే ఆపితే పాపం జంటలు ఇంటికి చేరకుండా నడిమధ్యలో నిలబడిపోతాయి. బియ్యం కొలిచినట్టు చిక్కుడుగింజలు పక్కన పెడుతూ ఈ లెక్క నేనే చూసేదాన్ని.

గొడవంతా మా అమ్మాయి రాసుకొచ్చిన పట్టీతో మొదలైంది. 'బక్స్ ఆఫ్ ఒరాన్‌మోర్' దాని ప్రాణం. అయిదు భాగాల రీలు, వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కానీ 32 లెక్కలో ఇమడదు. 'మేసన్స్ ఏప్రన్' అయితే రైలు వేగంతో వాయించాలని దాని పట్టు.

రిహార్సల్ చూడటానికి మా పక్కింటి పెద్దావిడని తీసుకెళ్ళాను. నాకు సెట్లు నేర్పింది ఆవిడే. రెండేళ్ళ క్రితం భర్త పోయాక మళ్ళీ నాట్యానికి లేవలేదు. అంతా విని, "పిల్లలు బాగా వాయిస్తున్నారమ్మా. కాకపోతే నా కాలు నేలకి దిగేలోపే ట్యూను వీధి చివరికి వెళ్ళిపోతోంది," అంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి మొహం ముడుచుకుంది. "పదేళ్ళు నేర్చుకున్నది ఇందుకామ్మా? నెమ్మదిగా, తేలిగ్గా, ఎవరూ మావైపు చూడకుండా వాయించడానికా?"

పులిహోర చేసినావిడ వైపు ఎవరు చూస్తారే, ఖాళీ అయిన గిన్నె చూసుకుని మురిసిపోవడమేగా అని నోటిదాకా వచ్చింది. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్లకి వంటింటి వేదాంతం చెబితే తలుపేసుకుని పైకి వెళ్ళిపోతుంది. ఊరుకున్నాను.

ఆ పని వాళ్ళ టీచరు చేశారు. మర్నాడు వాద్యాలన్నీ కింద పెట్టించి, ఇంకో జంటకి తక్కువైతే నన్నూ లాగి, పిల్లలందరి చేతా సెట్టు ఆడించారు. వాళ్ళు అడిగిన వేగంతోనే రికార్డు పెట్టారు! రెండో ఫిగరుకే బాంజో అబ్బాయి కుర్చీలో కూలబడ్డాడు. మా అమ్మాయి రొప్పుతూ వచ్చి, మారు మాట్లాడకుండా పెన్సిలు తీసి కొట్టివేతలు మొదలెట్టింది.

చివరికి తేలిన పట్టీ ఇది. మొదటి రీళ్ళకి 'మిస్ మెక్‌లౌడ్స్', 'శాలీ గార్డెన్స్', 'సిల్వర్ స్పియర్'. మొదటి రెండూ జి శ్రుతిలో ఉంటాయి, మూడోది డిలోకి మారగానే అలసిన కాళ్ళకి కొత్త ఊపొస్తుంది. జిగ్గులకి 'కెష్', 'కనాట్‌మాన్స్ రాంబుల్స్'. పోల్కాల్లో 'బ్రిచెస్ ఫుల్ ఆఫ్ స్టిచెస్'. అంటే కుట్లే కుట్లున్న లాగన్నమాట, ఆ పేరుకే నేను ఓటేశాను. హార్న్‌పైపులకి 'బాయ్స్ ఆఫ్ బ్లూహిల్', 'హార్వెస్ట్ హోమ్'. మరి 'బక్స్ ఆఫ్ ఒరాన్‌మోర్'? టీ విరామానికి ముందు, అందరూ కూర్చుని వినేటప్పుడు వాయించమన్నాను. దాని ముఖం చూడాలి అప్పుడు!

ఆ రాత్రి హాలు నిండిపోయింది. పెద్దావిడ వచ్చింది కానీ గోడవారగా కుర్చీలో కోటు విప్పకుండానే కూర్చుంది. మొదటి సెట్టులో మూడో ఫిగరు ముందు ఒక ఇల్లాలికి కాలు పట్టేసింది, జంట ఖాళీ అయింది. మగవాళ్ళు తక్కువైతే ఆడవాళ్ళే వాళ్ళ స్థానంలో నిలబడటం ఇక్కడ మామూలే. ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించి, నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మగవైపు నిలబడు," అంది.

మొదటి 8 బార్లూ నిలబడి విన్నాం. తొమ్మిదో బారుకి ఆవిడ కాలు సరిగ్గా దిగింది. మా అమ్మాయి వేళ్ళ వైపు చూసుకోవడం లేదు, మా కాళ్ళనే చూస్తోంది. ఎక్కడా తరమలేదు, ఎక్కడా లాగలేదు.

కూర్చున్నాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మా అమ్మాయితో మాత్రం, "వేగం బాగుంది," అని ఒక్కమాటే అంది. టీకి ముందు 'బక్స్'కి హాలంతా చప్పట్లు కొట్టింది. కారులో ఇంటికొస్తూ అది నాకు చెప్పుకున్నది మాత్రం ఆ ఒక్క మాట గురించే.

సెప్టెంబరులో చదువుకి డబ్లిన్ వెళ్ళిపోతోంది. కన్సర్టీనా దానితోపాటే వెళుతుంది. ట్యూన్ల పట్టీ మాత్రం మా ఫ్రిజ్ మీదే ఉంది, తీసేయడానికి నాకింకా మనసొప్పలేదు.

మీ కాలనీలో ఈసారి కోలాటానికో బతుకమ్మకో పాటలు ఎంచే పని మీ మీద పడితే, ఆ గుంపులో అందరికంటే పెద్దావిడ ఎవరో చూసి, ఆవిడ అడుగు ఎంత సాగుతుందో ముందు చూడండి. పాటల పట్టీ అక్కణ్ణుంచి రాసుకోవచ్చు.