వేంసూరు దారిలో ఓరచూపు

సత్తుపల్లి నుంచి వేంసూరు వెళ్లే బస్సులో కిటికీ పక్కన చోటు దొరకటం భాగ్యమే. మామిడితోటలు, వరిచేలు, మధ్యమధ్య పామాయిలు తోటలు. తూర్పున అశ్వారావుపేట అడవులు. ఉత్తరాన, దూరంగా, గోదావరి ఒడ్డున భద్రాచలం.

యీ దారిలో ఒక చిత్రం వున్నది. చూపు ముందున్న రోడ్డుమీదే నిలిపినా, చేనిగట్టున ఒంటరిగా నిలిచిన తాడిచెట్టు కంటికొసకే తాడిచెట్టని తెలిసిపోతుంది. అదే తాడి నాలుగు చెట్ల నడుమ వుంటే, అక్కడేదో పచ్చగా వున్నదన్న మాటేగాని, యే చెట్టో చెప్పలేం. చెట్టు చిన్నది కాలేదు, వెలుతురు తగ్గలేదు. పొరుగు పెరిగింది, అంతే!

పాఠకులు యింట్లోనే పరీక్షించుకోవచ్చు. కాగితంమీద ఒక చుక్క పెట్టి, నాలుగు వేళ్ల దూరాన గోరంత "మ" రాయండి. కింద మరో చుక్క పెట్టి, అంతే దూరాన "మ" రాసి, దాని కిరుపక్కలా "వ", "ప" ఆనించి రాయండి. చూపు చుక్కమీంచి కదపకూడదు సుమా! పై "మ" తెలుస్తుంది. కింద అక్షరాలున్నాయని తెలుస్తుంది. నడిమిది మాత్రం యిరుగుపొరుగుతో కలిసి ముద్దైపోతుంది.

శాస్త్రజ్ఞులు దీన్ని "క్రౌడింగ్" అంటారు. మనం "గుంపుచాటు" అనుకుందాం. డచ్చి శాస్త్రజ్ఞుడు హెర్మన్ బౌమా 1970లో దీనికొక లెక్క చూపాడు. చుక్కకూ అక్షరానికీ యెంత దూరమో, అందులో సుమారు సగమైనా అక్షరానికీ పొరుగుకూ యెడం వుండాలి. నాలుగు వేళ్లకు రెండు వేళ్లన్నమాట. యెడం పెంచకుండా అక్షరం పెద్దది చేస్తే లాభం లేదు. ఓరచూపులో మెదడు విశాలమైన మేరలోని గీతలన్నిటినీ కలిపి లెక్కిస్తుందని ప్రబలమైన అభిప్రాయం.

యిది అక్షరాల వినోదమే ఐతే రాయనక్కరలేదు. పల్లెదారుల్లో పొద్దువాలే వేళ మేకలమందల వెంట పిల్లలుంటారు. రోడ్డంచున ఒంటరిగా నిలిచిన పిల్లవాణ్ణి డ్రైవరు ఓరకంటనే పోల్చుకోగలడు. మందనడుమ నిలిచినవాడు మందలో కలిసిపోతాడు. కళ్లజోడు యెంత మంచిదైనా యీ చాటు తొలగదు. వేగం తగ్గించి, తల తిప్పి, మందను నేరుగా చూడటమే ఉపాయం.

"నా కళ్లు బాగానే వున్నాయి" అనే డ్రైవరుకు యీ మాట చెప్పండి: గుంపు కనిపించిందంటే, అందులో యెవరున్నారో యింకా తెలియలేదన్నమాటే.