చెంచులక్ష్మి పుట్టినిల్లు

మన యిండ్లలో చెంచులక్ష్మి కథ తెలియని స్త్రీ యుండదు. అహోబల నరసింహస్వామి అడవిలో చెంచుపిల్లను చూచి వలచి పెండ్లాడుట, ఆదిలక్ష్మి యలుగుట, ఇవన్నియు మేము చిన్ననాట పెద్దల నోట వినినవే. శ్రీశైల మల్లన్నను కూడ చెంచులు తమ యింటి యల్లునిగా నెంచి చెంచుమల్లయ్య యని పిలుచుకొందురు. ఇట్లు రెండు మహాక్షేత్రముల దేవుళ్లకు పిల్లనిచ్చినవారు చెంచులు. అయినను ఆ పుట్టినింటివారు ఎట్లున్నారో విచారింపవలెనని మాకు చాలకాలము తోచనే లేదు.

ఒక చైత్రమాసమున అత్తగారితోను, ఆడపడుచుతోను వనపర్తి నుండి శ్రీశైలయాత్రకు బయలుదేరితిమి. నాగరుకర్నూలు, అచ్చంపేట దాటి మన్ననూరు చేరునప్పటికి ఇంకను తెల్లవారలేదు. అచ్చట అడవి దారికి గేటు కలదు. రాత్రివేళ వన్యమృగములు తిరుగును గాన దానిని మూసి యుంచెదరు. బండ్ల వరుసలో వేచియుండగా ఒక చెంచుస్త్రీ తేనెసీసాలతో మా వద్దకు వచ్చెను. అత్తగారు బేరమాడిరి. మేమును ఊరకుండక, "బెల్లపు పాకము కలుపలేదు గదా?" అంటిమి.

ఆమె కోపగించలేదు. "పాకం గాదమ్మా, బండకు పట్టిన తేనె. మా ఇంటాయన తాడు మీద దిగి తెచ్చిండు" అనెను.

తాడు జారినచో ఏమి గతియని మా ఆడపడుచు అడిగెను.

"పైన మా తమ్ముడు పట్టుకుంటడు. ఆయన అన్నదమ్ములకు ఇయ్యం. అక్క బొట్టు నిలవాలె అన్న బాధ తమ్మునికే ఉంటది గద!"

మేము ముగ్గురము ఒకరి మొగము ఒకరు చూచుకొంటిమి. భర్త ప్రాణమును తన పుట్టినింటి చేతిలో పెట్టిన ఆ కట్టుబాటులోని తెలివి మాకు తెల్లమయ్యెను. ఎవరు పోయిన యెడల ఎవరి గుండె పగులునో వారే తాడు పట్టవలెను. పట్టంతయు పిండుకొనక కొంత విడిచిపెట్టుదుమనియు ఆమె చెప్పెను. అత్తగారు మారుమాట లేక ఆమె అడిగిన వెల యిచ్చిరి.

తిరిగి వచ్చిన పిదప చెంచులనుగూర్చి చదువసాగితిమి. వారి మాట తెలుగే. వారి పల్లెను పెంట యందురు. అప్పాపురము పెంట, మల్లాపురము పెంట యనునవి నల్లమలలోని పేర్లే. గడ్డలు త్రవ్వుట, ఇప్పపువ్వు ఏరుట, జిగురు తీయుట, వేటాడుట వారి జీవనము. అడవిలో దొరకినదానికి గారెలమైసమ్మ తల్లికి మ్రొక్కు చెల్లింతురు. ప్రతి సంవత్సరము చైత్రపూర్ణిమనాడు సలేశ్వరపు లోయలో జరుగు జాతరలో లింగమయ్యకు పూజారులు చెంచులే.

హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940లో భార్యతో కూడ వచ్చి అమ్రాబాదు పీఠభూమిపై వారి నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించెను. గడ్డలు త్రవ్వు కఱ్ఱ చేతబట్టిన చెంచుస్త్రీ భర్తతో సమానముగా సంపాదించునది, సమానముగా మాటాడునది. ఇష్టములేని కాపురమును విడువవచ్చును. భర్త పోయిన పిదప మరల పెండ్లాడవచ్చును. మన సంఘములో వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున ఎన్నో యడ్డంకుల నడుమ జరిపింపవలసివచ్చిన వితంతువివాహము ఆ పెంటలలో వింతయే కాదు. మనము ఎవరిని "అనాగరికు" లంటిమో చూడుడు!

ఇక ఆ యడవి తాడు ఎవరి చేతిలో నున్నది? ఇంగ్లీషువారి యేలుబడిలో గాని, నిజాము రాజ్యములో గాని అడవి సర్కారు సొత్తయ్యెను. తాతలనాటినుండి ఏరుకొన్న వెదురుకును కాయకును అనుమతి కావలసివచ్చెను. పిమ్మట 1940 దశకములో నిజాము ప్రభుత్వము అమ్రాబాదున కొంత యడవిని చెంచులకై ప్రత్యేకించినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి తేనెను, జిగురును కొనసాగెను. 1983లో ఆ యడవి పులుల సంరక్షణకేంద్రమయ్యెను. 2014లో రాష్ట్రము వేరైన పిదప తెలంగాణమునకు వచ్చిన భాగమే అమ్రాబాదు పులుల సంరక్షణకేంద్రము; దాని వైశాల్యము సుమారు 2,611 చదరపు కిలోమీటరులు.

పులి బ్రదుకవలెననుటలో మాకును సందేహము లేదు. కాని పులితో తరతరములు కలసి బ్రదికినవారిని పులికొరకే లేచిపొమ్మనుట న్యాయమా? అడవి విడిచి వెడలు కుటుంబమునకు 15 లక్షల రూపాయలిచ్చు పద్ధతి కలదు. వైద్యశాల దూరము, బడి దూరము; కాన్పు కష్టమైన రాత్రి డోలీ మోయువారి యవస్థ మనకు తెలియనిది కాదు. పోదలచినవారిని ఆపుటకు మనమెవ్వరము? కాని ఉండదలచినవారి మాటకును అంతే విలువ యుండవలెను.

చట్టమును ఆ మాటయే చెప్పుచున్నది. 2006లో చేయబడి, 2007 డిసెంబరు 31 నుండి అమలులోనికి వచ్చిన అటవీహక్కుల చట్టము దున్నుకొను భూమిపై హక్కును, తేనె, గడ్డ, జిగురు మొదలగువానిపై హక్కును, ఆదిమ తెగలకు తాము తిరుగాడు తావులపై హక్కును ఒప్పుకొన్నది. ఇది దయాదత్తము కాదు. పూర్వము జరిగిన అన్యాయమును సరిదిద్దుటకే చేసితిమని ఆ చట్టపు పీఠికలోనే యున్నది. పులుల నెలవునుండి జనులను కదలించుటకు వారి యిష్టమును, గ్రామసభ సమ్మతియు కావలెనని వన్యప్రాణి చట్టమందును కలదు. కాని కాగితముపై వ్రాసిన హక్కు పెంటకు చేరుటకు గేట్లు అనేకములు.

జనులు గట్టిగా పలికిన యెడల వినబడకపోదని 2019లో తేలినది. ఆ యేడు అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటరుల మేర యురేనియము నిలువలను వెదకుటకు కేంద్రపు అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా సమ్మతించినది. నేలను తొలిచిన యెడల కృష్ణ నీరేమగును, మా పిల్లలేమగుదురని చెంచులును, చుట్టుపట్ల పల్లెలవారును ఎదిరించిరి. పట్టణములలోని వారును గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని తీర్మానించినది. అడవి పోయినచో ఎవరి గుండె పగులునో వారు ఆనాడు తాడుపై చేయివేసిరి.

సోదరీమణులారా! పెండ్లియై ఎన్నియేండ్లు గడచినను పుట్టిన యింటి గడప తలచుకొనని ఆడది లేదు. ఆ యిల్లు తగులబడుచున్నదన్నను, అమ్ముడుపోవుచున్నదన్నను మన ప్రాణము నిలువదు. నరసింహుని ప్రక్కన చెంచులక్ష్మికి కుంకుమ పెట్టునప్పుడు ఆమె పుట్టినింటివారిని ఒక్కమారు తలపుడు. వారి తేనెకు బేరమాడకుడు. వారి కథను పిల్లలకు చెప్పునపుడు దేవుడు వలచిన సుందరి యని మాత్రమే గాక, ఆ యడవి ఆమెదియేనని కూడ చెప్పుడు.

ఆనాటి తేనెసీసా మా వంటయింటి అలమరలో నేటికిని కలదు. తేనె ఎన్నడో అయిపోయినది. ఉత్తసీసాను పారవేయుటకు అత్తగారు ఒప్పుకొనరు.