పది మీటర్ల రైఫిల్, నా బడ్జెట్

రైఫిల్ కొంటా అనగానే మా నాయిన ధర అడగలేదు. "పోలీసోళ్లకు చెప్పినవారా?" అన్నాడు. మెదక్‌లో తుపాకీ అంటే అంతే మరి. 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కు, శక్తి 20 జౌళ్లు దాటకపోతే, లైసెన్సు అక్కర్లేదని చెప్పా. 50 మీటర్ల పాయింట్ టూటూకి మాత్రం కావాలి.

యూట్యూబ్‌లో కిలోమీటరు దూరం కొడుతుంటారు. మనకు అందేది పది మీటర్లే. అదేం తక్కువ కాదు, టార్గెట్ నడుమ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు!

స్ప్రింగ్ రైఫిల్ చవక. కానీ పెల్లెట్ గొట్టం దాటకముందే పిస్టన్ దెబ్బకు తుపాకీ కదులుతుంది. పీసీపీలో సిలిండర్‌లోని గాలే పెల్లెట్‌ను తోస్తుంది, కుదుపు దాదాపు ఉండదు. నాకైతే పీసీపీయే కావాలి. స్కోప్‌కు పైసా పెట్టను, పది మీటర్ల పోటీలో దాన్ని ఒప్పుకోరు.

వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ కొత్తవి లక్షల్లో మాట. మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్ చాలా నయం. 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు రైఫిల్ కొనడానికి ఇంట్లోవాళ్లు స్థలం అమ్మారని చదివా. మాకు అమ్మడానికి స్థలం లేదు, చెల్లి బీటెక్ ఫీజు మాత్రం ఉంది. అది కట్టాక మిగిలిందే నా బడ్జెట్.

అందుకే సెకండ్ హ్యాండ్ చూస్తున్నా. చెంప ఆనించే చెక్క, భుజానికి ఆనే ప్లేటు నా కొలతకు జరగాలి. సిలిండర్‌కు మామూలుగా పదేళ్లే గడువు. అమ్మే అతను రైఫిల్ ఫొటోలు ఆరు పంపాడు, సిలిండర్ మీది తేదీ ఒక్కదాంట్లోనూ లేదు. మళ్లీ అడిగా.