పాత పాలియో, కొత్త ఐ20 ఎన్ లైన్

హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటే చిన్న కారుకు మించిన బలం. ఆ రుచిని దేశానికి ముందుగా చూపిన కార్లలో ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ ఒకటి. అది 2001లో వచ్చింది. టర్బో లేని 1,596 సీసీ ఇంజిన్, సుమారు 100 హార్స్‌పవర్. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఊపు అందుకుంటుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ రోడ్డు తీరునంతా చేతికి తెలియజేస్తుంది. ఈ ఒక్క విషయంలో కొత్త కార్లు దాని దరిదాపుల్లోకి రావు. పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది.

2021 నాటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఇంజిన్ 998 సీసీయే. అయినా టర్బో వల్ల 120 పీఎస్ శక్తి, 172 ఎన్‌ఎం టార్క్ వస్తాయి. ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి, కాజీపేట దాటాక హైదరాబాద్ హైవే మీద లారీని దాటడం తేలిక. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 2023 నుంచి అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు. భద్రతలో పాలియో దీనికి సాటి కాదు.

వరంగల్ జిల్లా పాత ఏపీ 36 నంబరున్న పాలియోలకు 15 ఏళ్లు నిండాయి. ఫిట్‌నెస్ పరీక్ష, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పవు. కొనేవారు టైమింగ్ బెల్ట్, సస్పెన్షన్ బుష్‌లు, అడుగున తుప్పు ముందే చూసుకోవాలి.